కౌజుపిట్ట గ్రుడ్లను ఇంటియందు పొదిగించు విధము

(అమీరుపేట, పంజాగుట్ట ప్రాంతములందు కాపురముండు పట్టాదార్ల ఉపయోగార్థము)

హైదరాబాదు నగరమునందలి అమీరుపేట, పంజాగుట్ట మొహల్లాలలో నేడు నాగలి పట్టదగిన నేల లేదు. 2017వ సంవత్సరము నుండి అచ్చట మెట్రో రైలు నడచుచున్నది; ఇండ్లు ఒకదానిపై నొకటి లేచియున్నవి. అయినను పిల్లల చదువు నిమిత్తమో ఉద్యోగ నిమిత్తమో ఆ మొహల్లాలలో కాపురముండి, మెదకు, నల్లగొండ, పాలమూరు సీమలలోని తమ పట్టా భూములను వారమున కొకసారి పోయి చూచుకొను రైతులు కలరు. అట్టివారికి కౌజుపిట్టల పెంపకము అనుకూలమైన పని. గ్రుడ్లు పొదుగుటకు పదునెనిమిది దినములు విడువని వేడిమియు, దినమునకు పలుమారులు చూచు మనిషియు కావలెను. ఇవి పొలముకాడి కొట్టముకంటె నగరపు ఇంటిలో సులభముగా దొరకును. పిల్లలు మూడు నాలుగు వారముల వయసునకు వచ్చిన పిమ్మట వానిని గ్రామమునకు కొనిపోయి పెంచవచ్చును. కావున ఈ కరపత్రమున పొదిగించు పనిని గూర్చియే విస్తరముగా వ్రాయబడినది.

పిట్ట పేరు, దాని పుట్టుక

పేరు విషయమున కొంత చిక్కు కలదు. పూర్వము తెలుగువారు పొలములలో కౌజు లేక కౌంజు అని పిలిచినది తీతరు పక్షిని. బటేరునకు మన పాత పేర్లు పూరేడు, లావుక అనునవి. కాని నేడు తెలంగాణమున పెంపుడు బటేరునే అందరును కౌజుపిట్ట యనుచున్నారు. కావున ఈ కరపత్రమునందును ఆ మాటయే వాడబడినది.

ఇచ్చట చెప్పబడునది జపాను కౌజు. ఆ దేశపువారు దీనిని మొదట కూతకొఱకు పంజరములలో పెంచిరి. ఇరువదవ శతాబ్ది ఆరంభమున గ్రుడ్లకొఱకు జాతిని ఎన్నుకొనుట మొదలిడిరి. మన దేశమునకు ఇది 1974వ సంవత్సరమున అమెరికా దేశము నుండి తెప్పింపబడి, ఉత్తర ప్రదేశమునందలి ఇజ్జత్‌నగరులో పరిశోధనకు ఉంచబడెను. అచ్చటి నుండియే దేశమంతట వ్యాపించినది.

చేలలో తిరుగు అడవి పూరేళ్లు వేరు. తొలకరి జొన్న చేలలోను, గడ్డి బీళ్లలోను కనబడు ఆ పిట్టలను పట్టుటయు, వాని గ్రుడ్లను తీయుటయు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. కోతల కాలమున కూలీలకు గూడు దొరికినచో దానిని కదలింపక విడువుమని రైతు ముందుగా చెప్పి యుంచవలెను. 2011లో పెంపుడు జాతి విషయమున గూడ ప్రభుత్వము అడ్డు పెట్టగా పెంపకపుదారులు చిక్కులపాలైరి. ఆ అడ్డు తరువాత తొలగినది. అయినను గ్రుడ్లు కొనునపుడు పెంపకపుదారునియొద్ద రసీదు పుచ్చుకొనుట మేలు. ఎవరైన అడిగినచో అవి అడవి గ్రుడ్లు కావని చూపుటకు అది పనికివచ్చును.

తల్లి పొదగదు

నాటుకోడి వలె ఈ పిట్ట గ్రుడ్లపై కూర్చుండదు. పెంపుడు జాతిలో తరతరములుగా గ్రుడ్లకొఱకే ఎన్నిక జరుగుటచే పొదుగు స్వభావము నశించినది. కావున గ్రుడ్లను కోడిక్రిందనైనను పెట్టవలెను, పెట్టెయందైనను పొదిగింపవలెను. నాటుకోడి పొదుగు 21 దినములు. కౌజు పొదుగు 17 లేక 18 దినములు మాత్రమే. తేలికయైన చిన్న పెట్ట దొరికినచో కొలది గ్రుడ్లను దానిక్రింద పెట్టవచ్చును గాని, బరువైన కోడి కాలు మోపినంతనే ఈ పలుచని పెంకు పగులును. కోడి వలన పేలును రోగములును పిల్లలకు అంటును. ఇంటిలో పదులకొలది పిల్లలు కావలెనన్న పెట్టెయే శరణ్యము.

గ్రుడ్లను ఎన్నుకొనుట

క్రొత్తవారు చేయు మొదటి పొరపాటు, దుకాణములో అట్టపెట్టెలలో అమ్ము కౌజు గ్రుడ్లను తెచ్చి పొదుగు వేయుట. అవి తినుటకు ఉద్దేశింపబడినవి. వానిని పెట్టు పెట్టలను సాధారణముగా పుంజులు లేకయే గూళ్లలో ఉంచుదురు. పుంజు కలియని గ్రుడ్డును ఎంత చక్కని పెట్టెలో పెట్టినను పదునెనిమిది దినముల పిమ్మట గ్రుడ్డుగానే యుండును. పైగా దుకాణములో అవి శీతల పెట్టెలో ఎన్ని దినములు ఉన్నవో ఎవరికి తెలియును? పొదుగునకు గ్రుడ్లను పుంజులతో కలిపి పెంచువారి యొద్దనే, పెట్టిన తేది తెలిసికొని కొనవలెను.

పుంజు ఒకటికి పెట్టలు రెండు లేక మూడు మించని మందలోని గ్రుడ్లు మంచివి. పెట్టలు పది వారములు దాటినవై, మిక్కిలి ముదిరినవి కాకుండవలెను. మరియు ఈ జాతికి దగ్గర చుట్టరికపు జత ఏమాత్రము పడదు. అన్న చెల్లెలి జతలను ఒకటి రెండు తరములు కలిపినంతనే గ్రుడ్లలో జీవము తగ్గును, పొదిగిన పిల్లలు చచ్చును. ఒకే మందలో పుట్టిన పిట్టలతో ఏండ్ల తరబడి నడుపుకొను అమ్మకపుదారు ఎంత చవకగా ఇచ్చినను కొనరాదు. ఇంటిలోనే మందను నిలుపుకొనదలచినవారు ఏటేట పుంజులను వేరొక చోటి నుండి మార్చుకొనుచుండవలెను.

గ్రుడ్డు బరువు 10 నుండి 12 గ్రాములు, అనగా సుమారొక తులము. మిక్కిలి చిన్నవి, అతి పెద్దవి, గుండ్రనివి, పెంకు నెఱ్ఱె పట్టినవి, మచ్చలు లేక సున్నపు పొర కప్పినట్లున్నవి తీసివేయవలెను. మురికి అంటినదానిని కడుగరాదు. పెంకుపై సహజముగానుండు సన్నని పొర కడుగుటచే పోయి, రంధ్రముల గుండ క్రిములు లోనికి చేరును. ఎండిన రెట్టను గోటితో మెల్లగా గీకవచ్చును. అంతకు మించి మురికియైనచో వంటకు పంపుట మేలు.

ఈ పిట్టలలో అధిక భాగము సాయంకాలము, మూడు గంటలు మొదలు ఆరు గంటల లోపల గ్రుడ్లు పెట్టును. తక్కినవి రాత్రి పెట్టును. కావున ప్రొద్దు గ్రుంకునపుడొకసారి, తెల్లవారినంతనే మరియొకసారి ఏరవలెను.

ఏరిన గ్రుడ్లను ఏడు దినములకు మించి నిలువయుంచిన పిల్లల సంఖ్య పడిపోవును. నిలువకు తగిన చలువ 13 మొదలు 16 డిగ్రీలు. ఇంటి శీతల పెట్టె అంతకంటె మిక్కిలి చల్లన. ఇంటి గది మిక్కిలి వెచ్చన. గ్రుడ్డులోని పిండము సుమారు 21 డిగ్రీలు దాటినంతనే కొద్దికొద్దిగా కదలి పెరుగ మొదలిడును. పెరిగియు పెరుగక సగమున నిలిచి, పొదుగు వేయకమునుపే చచ్చిపోవును. వేసవిలో ఇట్లు చచ్చిన గ్రుడ్లను చూచి పుంజులదే దోషమని పలువురు తలతురు. కుండలో కుండ నుంచి నడుమ తడియిసుక పోసి, లోపలి కుండలో గ్రుడ్లను పొడిగుడ్డపై పేర్చినచో పొడిగాలి కాలమున కొంత చలువ కలుగును. వర్షకాలమున అది అంతగా పనిచేయదు. నగరపు ఇంటివారికి ఉత్తమమైన మార్గము నిలువ చేయకుండుటయే. పెట్టి రెండు మూడు దినములు మించని గ్రుడ్లను ఒకేసారి తెచ్చి వేయవలెను.

బస్సులోనో బండిమీదనో కుదుపుతో వచ్చిన గ్రుడ్లను సన్నని కొన క్రిందికి, మొద్దు వైపు మీదికి ఉండునట్లు ఒక రాత్రి కదలింపక నిలుపవలెను. మొద్దు వైపున గాలి గది యుండును. కుదుపుచే చెదరిన ఆ గది ఇట్లు నిలిపినందున కుదురుకొనును. చల్లని చోటి నుండి తెచ్చిన గ్రుడ్లను పెంకుమీది చెమ్మ ఆరక మునుపు వెచ్చని పెట్టెలో పెట్టరాదు.

పెట్టె

బజారులో అమ్ముడుపోవు పొదుగు పెట్టెను కొనువారు కౌజు గ్రుడ్లకు తగిన పళ్లెములు గలదానిని అడిగి తీసికొనవలెను. కోడిగ్రుడ్ల పళ్లెములో ఇవి జారిపడును.

స్వయముగా చేసికొనదలచినవారికి చేపల అంగడిలో దొరకు మందమైన థర్మోకోలు పెట్టె చాలును. కావలసిన థర్మోస్టాటు, చిన్న పంకా, తీగెలు కోఠి యొద్ద ట్రూపు బజారులో దొరకును. వేడికి రెండు 25 వాట్ల బల్బులను వేర్వేరుగా పనిచేయునట్లు అమర్చవలెను. ఒకటి మాడినను రెండవది కొంత కాపాడును. ఇప్పుడు ఇండ్లలో వాడు ఎల్.ఇ.డి. బల్బులు వెలుతురు నిచ్చునే గాని తగిన వేడి నీయవు. పాతరకపు తీగె బల్బులనే అడుగవలెను. బల్బుపై రేకు కప్పు వేయనిచో ఎదుటనున్న గ్రుడ్లు వేగును, వెలువడిన పిల్లలు కాలును. థర్మోకోలు కూడ కరగి నిప్పంటుకొను భయము కలదు. పెట్టె ప్రక్కల క్రిందను మీదను వ్రేలు పట్టునన్ని రంధ్రములు నాలుగైదు ఉంచవలెను. పెంకులోని పిండము ఊపిరి పీల్చునను సంగతి మరువరాదు.

పంకా గల పెట్టెలో వేడి 37.5 డిగ్రీలు, అనగా ఫారన్‌హీటు లెక్కన 99.5 ఉండవలెను. పంకా లేని పెట్టెలో వేడిగాలి మీదికి లేచి క్రిందిభాగము చల్లగానుండును గనుక, గ్రుడ్ల పైభాగమునకు సమముగా థర్మామీటరును ఉంచి 38.6 నుండి 38.9 డిగ్రీలు చూపునట్లు చేయవలెను. ఈ రెండు లెక్కలకు గల భేదము తెలియక పుస్తకమున చూచిన అంకెను తమ పెట్టెకు పట్టించినందున పాడైన పొదుగులు ఎన్నో కలవు.

చవక కొలమానములు ఒక డిగ్రీ అటు నిటు చూపుట సామాన్యము. ఆ ఒక్క డిగ్రీయే పొదుగును చెరచును. గోరువెచ్చని నీటిలో జ్వరము చూచు థర్మామీటరును, పెట్టె కొలమానపు కొనను జతగా కట్టి ముంచి, రెండింటి అంకెలను పోల్చి భేదమును కాగితముపై వ్రాసి పెట్టె మూతకు అంటింపవలెను. తేమ కొలమానమును ఉప్పుతో పరీక్షింపవచ్చును. మూతగల సీసాలో తడిపిన వంట ఉప్పును చిన్న గిన్నెలో పెట్టి, దాని ప్రక్క కొలమానము నుంచి, మూతవేసి ఒక రాత్రి విడిచినచో అది నూటికి 75 చూపవలెను. ఎంత తప్పినదో అంత సవరించుకొనవలెను. ఇట్లు సరిచూచిన పెట్టెను ఖాళీగా రెండు దినములు నడిపి, వేడి నిలిచెనని తెలిసిన పిమ్మటనే గ్రుడ్లు వేయవలెను.

పూర్వము ఈజిప్టు దేశమున మట్టి ఇటుకల పొయ్యిలలో వేలకొలది కోడిగ్రుడ్లను పొదిగించువారు ఏ యంత్రమును లేక, గ్రుడ్డును కనురెప్పకు ఆనించి వేడిని తెలిసికొనెడివారు. ఆ నేర్పు తండ్రి నుండి కొడుకునకు వచ్చినది. మనకు థర్మామీటరే దిక్కు.

తేమ

మొదటి 14 దినములు పెట్టెలో తేమ నూటికి 55 నుండి 60 వరకును, చివరి మూడు దినములు 65 నుండి 75 వరకును ఉండవలెను. తేమ కొలమానము లేనివారు థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి పెట్టెలో పంకా గాలికి ఉంచినచో, పొడి అంకె 99.5 ఉండగా తడి అంకె మొదట సుమారు 85, చివర సుమారు 90 ఫారన్‌హీటు డిగ్రీలు చూపవలెను.

వర్షకాలమున బయట అంతయు చెమ్మగానుండును గదా, పెట్టెలో నీరెందుకని కొందరు తలతురు. గాలిని వేడిచేసినకొలది దాని తేమ శాతము తగ్గును. శ్రావణమాసమున 25 డిగ్రీల వద్ద నూటికి 80 తేమ గల గాలి పెట్టెలో 37.5 డిగ్రీలకు వేడెక్కినపుడు సుమారు 40 మాత్రమే యగును. పుష్యమాసపు చలిగాలియైనచో అందులో సగము కూడ ఉండదు. కావున అన్ని కాలములలోను నీటి పళ్లెము ఉండవలసినదే. వర్షకాలమున చిన్నది, చలికాలమున వెడల్పైనది. తేమను పెంచునది నీటి లోతు కాదు, వెడల్పు. పళ్లెములో గుడ్డముక్క వ్రేలాడవేసినచో ఇంకను పెరుగును.

కొలమానములన్నిటికంటె నమ్మదగినది త్రాసు. పొదుగునపుడు గ్రుడ్డులోని నీరు కొంత ఆవిరియై పోవలెను; అప్పుడే గాలి గది పెరిగి పిల్లకు తొలి ఊపిరికి చోటు కలుగును. పదునాలుగవ దినమునకు మొదటి బరువులో నూటికి 11 నుండి 13 వంతులు తగ్గుట సరియైన లెక్క. పది గ్రుడ్లను గుర్తుపెట్టి బంగారము తూచు చిన్న త్రాసుపై తూచగా 110 గ్రాములైనవనుకొందము. ఏడవ దినమున సుమారు 103 లేక 104, పదునాలుగవ దినమున సుమారు 97 ఉండవలెను. అంతకంటె బరువుగా నున్నచో నీటిపళ్లెము తగ్గింపవలెను, తేలికైనచో హెచ్చింపవలెను.

ఎండకాలము

హైదరాబాదునందు పొదుగునకు ప్రధాన శత్రువు ఎండకాలము. పంజాగుట్టకు అతి సమీపమున నున్న బేగంపేట వాతావరణ కేంద్రములో 1966వ సంవత్సరము జూన్ 2వ తేదిన 45.5 డిగ్రీలు నమోదైనది. సామాన్య సంవత్సరములలో గూడ మే నెలలో మధ్యాహ్నము 39, 40 డిగ్రీలు తప్పవు. కప్పు క్రింది మేడగదిలో అంతకును ఎక్కువగా నుండును. పొదుగు పెట్టె వేడి నీయగలదు గాని చల్లదనము నీయలేదు. బల్బు ఆరినను గది 40 డిగ్రీలున్నచో పెట్టెయు 40 డిగ్రీలే; పండ్రెండవ దినము దాటిన గ్రుడ్లు తామే వేడి పుట్టించును గనుక ఇంకను పైకి పోవును. చలి తగిలిన గ్రుడ్డు ఆలస్యముగా పొదుగును. అతివేడి తగిలిన గ్రుడ్డు కొలది గంటలలో చచ్చును. ఈ రెండింటిలో దేనికి భయపడవలెనో రైతు గ్రహింపవలెను.

రోహిణి కార్తెలో రోళ్లు పగులునందురు. ఆ కార్తె ముగిసి మృగశిర ప్రవేశించి వానలు పడిన పిమ్మట పొదుగు వేయ మొదలిడి, ఫాల్గుణము వరకు సాగించి, చైత్ర వైశాఖ జ్యేష్ఠములు విడువుట ఉత్తమము. విడువలేనివారు క్రింది అంతస్తులో, పడమటి ఎండ తగులని లోపలి గదిలో పెట్టెను ఉంచి, మధ్యాహ్నము మూత కొంత తెరచి, గది నేలపై నీరు చల్లుచు కనిపెట్టుకొని యుండవలెను. ఇంటిలో అందరును పనులకు పోవువారైనచో ఎండకాలపు పొదుగు తలపెట్టరాదు.

మార్గశిర పుష్యములలో రాత్రి చలి 14, 15 డిగ్రీలకు, ఒక్కొక్కప్పుడు ఇంకను దిగువకు పోవును. పెట్టెను కిటికీకి దూరముగా నుంచి, గాలి రంధ్రములు మూయక, ప్రక్కలను కంబళి చుట్టినచో చాలును.

విద్యుత్తు ఆగినపుడు తొందరపడి మూత తెరువరాదు. మూసియున్న పెట్టెపై దుప్పటి కప్పినచో ఒకటి రెండు గంటలు వేడి నిలుచును. ఇంటిలో ఇన్వర్టరు ఉన్నచో 50 వాట్ల పెట్టె దానికి భారము కాదు.

త్రిప్పుట, దీపపు పరీక్ష

గ్రుడ్డును త్రిప్పకున్నచో పిండము లోపలి పొరకు అంటుకొని చచ్చును. యంత్రము లేనివారు దినమునకు ఐదుసార్లు, అంతకు వీలులేనివారు మూడుసార్లు త్రిప్పవలెను. బేసి లెక్క ఏలనగా, రాత్రి దీర్ఘకాలము ఒకే వైపు పడియుండు గ్రుడ్డు మరునాటి రాత్రి రెండవ వైపు పడియుండును. పెంకుపై తెల్లనైన చోట పెన్సిలుతో ఒక ప్రక్క సున్నయు, రెండవ ప్రక్క అడ్డగీతయు పెట్టవలెను, సిరా వాడరాదు. చేతులు కడిగికొని త్రిప్పవలెను. పదునాలుగవ దినము ముగిసినంతనే త్రిప్పుట మానవలెను.

ఎనిమిదవ దినమున చీకటి గదిలో టార్చి వెలుతురుపై గ్రుడ్డు నుంచి చూచినచో జీవమున్నది ఎఱ్ఱని నరములతో, లేనిది తేటగా కనబడవలెను. ఈ జాతి పెంకుపై నల్లమచ్చలు దట్టముగా నుండుటచే అలవాటులేని కంటికి ఏమియు తెలియదు. అనుమానమున్న గ్రుడ్డును తీయరాదు. దుర్వాసన గలదానిని మాత్రము వెంటనే తీయవలెను. అది పెట్టెలో పగిలినచో తక్కినవన్నియు చెడును.

చివరి మూడు దినములు

పదునైదవ దినమున గ్రుడ్లను పళ్లెము నుండి తీసి, గరుకైన గుడ్డ పరచిన నేలపై పక్కగా పరుండబెట్టి, వేడిని 37.2 డిగ్రీలకు తగ్గించి, తేమను హెచ్చించి, మూత వేయవలెను. అటుపిమ్మట మూత తెరువరాదు. ఎక్కువమంది ఇచ్చటనే ఓపిక చెడుదురు. పదునారవ లేక పదునేడవ దినమున పెంకుపై చిన్న బీట కనబడును. ఆ బీట పడిన పిల్ల గంటల తరబడి కదలక యుండుట సహజము. అది లోపల నరములలోని రక్తమును, మిగిలిన సొనను కడుపులోనికి లాగికొనుచుండును. ఆపద అనుకొని గోటితో పెంకు వలిచినచో రక్తము స్రవించి పిల్ల చచ్చును. తెరచిన మూతనుండి తేమ పోయి, ప్రక్క గ్రుడ్లలోని పొర తోలువలె బిగిసి, ఆ పిల్లలు పెంకులోనే చిక్కుకొనును. ఒకదానిని రక్షింపబోయి పదింటిని చంపుట ఇట్లే జరుగును.

సమయము వచ్చినపుడు పిల్ల మొద్దు వైపున చుట్టును పెంకు కోసికొని, మూత లేపినట్లు లేపి వెలువడును. తడిసి యున్నదానిని బయటకు తీయరాదు. ఒళ్లారి నూగు విచ్చుకొనువరకు లోపలనే ఉంచవలెను. పిల్ల బరువు 6 నుండి 8 గ్రాములు. బొటనవ్రేలి మొనకంటె కొంచెము పెద్దది. కడుపులోని సొన ఒక దినమునకు ఆధారము. పదునెనిమిదవ దినము ముగిసిన పిమ్మట మరి ఒక దినము చూచి, అప్పటికిని బీట పడనివానిని వదలుకొనవలెను.

పిల్లలు

ముందుగా వెచ్చజేసి సిద్ధపరచిన అట్టపెట్టెలోనికి వానిని మార్చవలెను. మొదటి వారము బల్బు క్రింద 35 నుండి 37 డిగ్రీలు. తరువాత వారము వారమునకు మూడు నాలుగు డిగ్రీలు తగ్గించుచు నాలుగవ వారమునకు బయటి వేడికి అలవాటు చేయవలెను. పిల్లలే థర్మామీటరు: బల్బు క్రింద గుంపుగూడి అరచినచో చలి, మూలలకు పోయి నోరు తెరచినచో వేడి, సమముగా పరుచుకొని నిద్రించినచో సరి.

నేలపై నున్నని వార్తాపత్రిక పరచుట పెద్ద తప్పు. కాళ్లు జారి ఇరువైపులకు చీలిపోయి పిల్ల అవిటిదగును. మొదటి వారము గోనెపట్ట పరచవలెను. కాలికి పట్టు ఎంత ముఖ్యమో తెలుపు విచిత్రమైన సంగతి యొకటి కలదు. 1990వ సంవత్సరమున రష్యావారి మీర్ అను అంతరిక్ష కేంద్రములో కౌజు గ్రుడ్లను పొదిగింపగా పిల్లలు వెలువడెను గాని, భారములేని ఆ చోట నిలువ ఆధారము లేక తేలియాడుచు, తమంతట మేత తినలేకపోయెను.

నీటిగిన్నెలో గులకరాళ్లు నింపవలెను. ఈ పిల్లలు అర అంగుళము నీటిలో మునిగి చచ్చును. మేత మెత్తగా నూరినదై, మొదటి మూడు వారములు నూటికి 24 నుండి 27 వంతులు మాంసకృత్తులు గలదై యుండవలెను. జొన్నపిండి, నూకలు మాత్రమే వేసినచో పెరుగవు. చీమలు, ఎలుకలు, పిల్లులు ముగ్గురు శత్రువులు. పెట్టె కాళ్ల క్రింద నీటి మూకుళ్లు, పైన సన్నని జాలి తప్పవు.

మూడవ వారమున రొమ్ము ఈకలను చూచి జాతి తెలియవచ్చును. పుంజు రొమ్ము ఇటుకరంగుగా, పెట్ట రొమ్ము నల్లచుక్కలతో నుండును. ఆరేడు వారములకే పెట్ట గ్రుడ్లు మొదలిడును. పెద్ద పిట్ట దినమునకు 25 నుండి 30 గ్రాముల మేత తినును.

లెక్క ముందే వేసికొనుట మంచిది. 60 గ్రుడ్లు వేయగా వానిలో 48కి జీవముండి, వానిలో 34 పొదిగినచో గృహమునందు అది సంతృప్తికరమైన ఫలితమే. అందులో నాలుగు పిల్లలు పోయి 30 మిగిలినచో సుమారు 15 పెట్టలు. 60 గ్రుడ్లకు 60 పిల్లలని చెప్పి పెట్టెలమ్మువాని మాట నమ్మరాదు.

కౌజులను నాటుకోళ్లతో ఒకే కొట్టమున కలిపి పెంచరాదు. 2015 ఏప్రిలులో నగరపు శివారున హయత్‌నగరు ప్రాంతమున కోళ్లకు పక్షి జ్వరము తగిలి మందలను చంపవలసి వచ్చెను. హఠాత్తుగా పిట్టలు పెక్కు చచ్చినచో కళేబరములను కాలువలో వేయక, నారాయణగూడ పశువైద్యశాలకు గాని సమీప పశువైద్యాధికారికి గాని తెలుపవలెను. పెంపకమును గూర్చి సలహా కావలసినవారికి రాజేంద్రనగరులో కోళ్ల పరిశోధన సంచాలక కార్యాలయమును, పశువైద్య విశ్వవిద్యాలయమును కలవు.

పొదగని గ్రుడ్లు

పొదగని గ్రుడ్లను పారవేయక, ఇంటి బయట ఒక్కొక్కటి పగులగొట్టి చూచి వ్రాసికొనవలెను. లోపల తేటగా నున్నచో పుంజు కలియలేదు, లేదా నిలువలోనే చెడినది. దోషము అమ్మినవానిది గాని ఎండది గాని. రక్తపు వలయము మాత్రమున్నచో మొదటి దినములలో వేడి తప్పినది. పిల్ల పూర్తిగా పెరిగి బీట వేయకయే చచ్చియున్నచో త్రిప్పుటలోనో తేమలోనో లోపము. త్రాసు లెక్కతో పోల్చినచో ఏదియో తెలియును. బీట వేసి చచ్చినచో చివరి దినములలో తేమ చాలలేదు, లేదా గాలి రంధ్రములు మూసికొనిపోయినవి. అన్నియు పదునాలుగు పదునైదు దినములకే పొదిగినచో వేడి హెచ్చు. పందొమ్మిది దాటినచో తక్కువ. ఆ లెక్కను పెట్టె మూతకు అంటించిన కాగితముపైనే వ్రాసి, పెట్టెను సబ్బునీటితో కడిగి రెండు దినములు ఎండలో ఆరబెట్టి, థర్మామీటరును మరల సరిచూచి రెండవ పొదుగు వేయవలెను.